చావు కాగితాల యాసెంకా

బోస్నియాలో తుజ్లా అనే ఊళ్ళో, స్లాతినా పేటలో, ఆ బిల్డింగు మెట్ల మీద అందరూ ఆవిడని చావు కాగితాల యాసెంకా అనేవాళ్ళు. ముఖం మీద అనరు, ఆమాత్రం మర్యాద ఉంది. కానీ ఆ గోడలు ఎంత పల్చనంటే పక్కింట్లో తుమ్మితే ఈ ఇంట్లోంచి దీవించొచ్చు. అందుకని ఆ పేరు ఆవిడ చెవిన పడనే పడింది. పడ్డప్పుడల్లా ఒళ్ళు మండేది. "నేను ఇంజనీర్నర్రా బాబూ, శవాల పెట్టెలు మోసేదాన్ని కాదు" అని తలుపు తీసి అరవాలనిపించేది. అరిచి ఏం ప్రయోజనం? నలభయ్యారేళ్ళొచ్చాయి, అప్పటిదాకా ఆవిడ బుర్ర పెట్టి చేసిన పనంతా ఆ కాగితాలే మరి.

తుజ్లాలో మనిషి పోతే తెల్లారేసరికి కాగితం పడాల్సిందే. ఇంటి గుమ్మం మీద, బస్టాపులో, రొట్టెల కొట్టు అద్దం మీద, పోయినాయన పనిచేసిన ఫ్యాక్టరీ గేటు మీద. ఫోటో, పేరు, మధ్యలో తండ్రి పేరు, ఎప్పుడు పూడుస్తారో ఎక్కడ పూడుస్తారో, కింద ఏడ్చేవాళ్ళ పేర్లు వరసగా. చుట్టూ అంచు. ఆ అంచు చూస్తే చాలు, పోయింది ఎవరి మనిషో రోడ్డు అవతలి నుంచే తెలిసిపోతుంది. ఆకుపచ్చ అంచూ నెలవంకా అయితే ముస్లిములు. నల్లంచూ శిలువా అయితే క్రైస్తవులు, అందులో మళ్ళీ శిలువ వాటాన్ని బట్టి సెర్బులో క్రొయాట్లో. ఎర్ర నక్షత్రం ఉంటే పాత కమ్యూనిస్టు. నాకే గుర్తూ వద్దు మహాప్రభో అన్నవాళ్ళకి నీలం అంచూ, మూలన ఓ ఆకు రెమ్మా.

ఆ కాగితాలు తయారుచేసే ప్రోగ్రాం యాసెంకాది. కంపెనీ మటుకు ఫెజాది. ఇద్దరూ ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూచుని చదువుకున్నవాళ్ళు. ఆవిడ రాస్తుంది, అతను అమ్ముతాడు. దేశమంతటా శవపేటికల దుకాణాలవాళ్ళు వాడుకుంటారు. వాళ్ళ దగ్గర ఉండేది ఓ పాత కంప్యూటరూ ఓ ప్రింటరూ, అంతే. అసలు ప్రోగ్రాం జర్మనీలో ఎక్కడో అద్దెకి తీసుకున్న యంత్రాల మీద నడుస్తుంది. దాన్నే క్లౌడ్ అంటారని చెబితే, బతికున్న రోజుల్లో యాసెంకా వాళ్ళమ్మ కిటికీలోంచి పైకి చూసి, "ఆ మబ్బుల్లోనా నీ ఉద్యోగం? అందుకే కాబోలు జీతం కిందికి దిగదు" అనేది.

మొదట్లో బాగానే ఉండేది. ప్రోగ్రాం ఒకటే, దుకాణానికో పేజీ. ఎవరి పేజీలో వాళ్ళకి కావలసిన మీటలు వాళ్ళు నొక్కుకోవచ్చు. వీటన్నిటికీ పైన ఒక తల్లి పేజీ. ఏ దుకాణమైనా తనకంటూ ఏదీ పెట్టుకోకపోతే తల్లి పేజీలో ఏముంటే అదే దానికీ వర్తిస్తుంది. ఎంత చక్కగా కట్టానో అని యాసెంకా మురిసిపోయింది. ఆ మురిపెం మూణ్ణాళ్ళు నిలవలేదు. బోస్నియా వాళ్ళకి ముచ్చటలు అడగడం మొదలెడితే ఆపడం రాదు, దానికి వాళ్ళకో మాటే ఉంది, చెయిఫ్ అని. ఒకాయనకి నెలవంక ఇంకాస్త లావుండాలి. ఇంకొకాయనకి సెర్బులు రాసే సిరిలిక్ అక్షరాలే కావాలి. ఒక ఊళ్ళో ఫోటో ఎడమవైపే ఉండాలి, కుడివైపు పెడితే పోయినవాళ్ళు అలుగుతారట. ఒక మహానుభావుడైతే ఏ కాగితంలోనైనా సరే బావల పేర్లు తమ్ముళ్ళ పేర్ల కన్నా చిన్న అక్షరాల్లో పడాలన్నాడు. ఆయనకీ బావగారికీ ఏం గొడవుందో, దానికీ ఒక మీట! మీట మీద మీట పెట్టి పెట్టి, ఏది నొక్కితే ఏది కదులుతుందో రాసినావిడకే గుర్తుండని స్థితికొచ్చింది వ్యవహారం.

వీటన్నిటికీ ఒప్పుకొచ్చేది ఫెజానే. కాఫీ గిన్నె ఖాళీ అయ్యేలోగా ఎదుటివాడికి ఏదో ఒకటి మాటిచ్చెయ్యకపోతే అతనికి తిన్నది అరగదు. ఇచ్చేసి వచ్చి, "ఏమే యాసెంకా, ఓ చిన్న పని" అంటాడు. ఆ చిన్న పని అన్న మాట వినగానే ఆవిడ ఇంకో మీటకి చోటు వెతుక్కోవడం మొదలెట్టేది.

ఇన్ని ముచ్చట్లలో యాసెంకా తనకోసం పెట్టుకుంది ఒక్కటంటే ఒక్కటి. అంచు దగ్గరికి రాగానే ప్రోగ్రాం ఆగి, "ఇంటివాళ్ళని అడిగారా?" అని ప్రశ్న వేస్తుంది. అడిగామని నొక్కితే గానీ ప్రింటు రాదు. ఆ మీట తీసే వీలు ఏ దుకాణానికీ ఇవ్వలేదు. దానికో కారణముంది. యాసెంకా నాన్న హుసేన్, గని కార్మికుడు. అమ్మ మరియా, ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి. అమ్మ పోయినరోజు దుకాణం వాడు ఇంటిపేరు విని, యాసెంకా నోరు తెరవకముందే ఆకుపచ్చది తీసి బల్ల మీద పెట్టాడు. ఆ బల్ల మీద ఆవిడ కొట్టిన దెబ్బకి కాఫీ కప్పు కిందపడి పగిలింది. "అడగవయ్యా! నోరుందిగా, అడగొచ్చుగా!" అని అరిచింది. ఆ అరుపే తర్వాత ప్రోగ్రాంలో ప్రశ్న అయింది.

సరే, ఆ శరదృతువులో ఫెజా మళ్ళీ వచ్చాడు, చేతులు నలుపుకుంటూ.

"ఏమే యాసెంకా, ఓ చిన్న పని."

"చెప్పి చావు."

"పెద్ద పార్టీ తగిలింది. సావా నది పొడుగునా ఊరికో దుకాణం ఉంది వాళ్ళకి. అందరూ మన దగ్గరికి వచ్చేస్తారు. వాళ్ళకి కావలసిందల్లా స్పీడు. పేరు కొట్టగానే అంచూ గుర్తూ వాటంతటవే పడిపోవాలి."

"వాటంతటవే ఎలా పడతాయిరా?"

"పేరుని బట్టి."

యాసెంకా కుర్చీ తన్నేసి లేచింది. "నీకు మతుండే మాట్లాడుతున్నావా? పేరుని బట్టి మనుషుల్ని వేరుచేసి వరసలో నిలబెట్టిన రోజులు నువ్వు చూళ్ళేదూ? యుద్ధంలో బాంబులు పడుతుంటే నేలమాళిగలో నా పక్కనే కూచున్నావు కదరా!"

"అబ్బా, ఊరికే ఎగరకు. నువ్వు చెయ్యవూ ఆ పని? ఎవరైనా కొత్తమనిషి పేరు చెబితే నీ బుర్రలో రంగు పడదూ? నామీద ఒట్టేసి చెప్పు."

ఆవిడకి చిర్రెత్తుకొచ్చింది. ఎందుకంటే పడుతుంది. ఆ దేశంలో పడనివాళ్ళు లేరు. "నా బుర్రలో పడింది నా బుర్రలోనే ఉంటుంది. అది గోడెక్కి కూచోదు" అంది.

వారంరోజులు కొట్లాడింది. నెత్తీ నోరూ కొట్టుకుంది. ఈ పార్టీ రాకపోతే వసంతం నాటికి దుకాణం కట్టేసుకోవడమే అని ఫెజా మొహం వేలాడేసుకుని తిరిగాడు. చివరికి తిట్టుకుంటూనే రాసింది. పాత కాగితాలు వేలకి వేలు ప్రోగ్రాంకి చూపించి, ఏ పేరుకి ఏ అంచు పడిందో నేర్పింది. ఆ ముక్కకి ఊహ అని పేరు పెట్టింది. సరదాకి ఫెజా పేరూ వాళ్ళ నాన్న పేరూ కొడితే నల్లంచు పడింది. "మా అమ్మ ఫాతిమా చూస్తే నన్నూ నీ యంత్రాన్నీ కలిపి పూడుస్తుంది" అని పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఇదిగో విను. ఇది ఆ ఒక్క పార్టీకే. అదీ సలహాకి మాత్రమే. నా ప్రశ్న నా ప్రశ్నే. దాని జోలికొచ్చావంటే మర్నాడు నేనుండను" అని చెప్పింది. ఫెజా గంగిరెద్దులా తలూపాడు.

ఆ తలూపుడు విలువెంతో నవంబరులో ఒక శుక్రవారం పొద్దున తెలిసింది.

ఆవిడ రొట్టె తెచ్చుకుందామని మెట్లు దిగింది. వీధి తలుపు అద్దానికి కాగితం. ఫోటోలో గోరాన్ మెహ్మెదోవిచ్, పై అంతస్తు ఆయన, ఉప్పు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. గురువారం పొద్దున గుండె ఆగిపోయింది. ఆ సంగతి యాసెంకాకి తెలుసు. ఆ బిల్డింగులో ఆయన ఫ్యూజు వెయ్యని ఇల్లు లేదు, ఆయన వేళాకోళానికి దొరకని మనిషీ లేడు. ఆవిడ అక్కడే ఆగిపోయింది కాగితం చూసి కాదు, అంచు చూసి. ఆకుపచ్చ. పైన నెలవంక.

ముందురోజు ఆయన భార్య అంకిత్సా పక్కన సోఫాలో కూచుంది తనే. కాగితాలు వేసే శవపేటికల దుకాణం నుంచి మెవ్లిదా ఫోన్ చేసినప్పుడు అంకిత్సా చెప్పిన మాటలు చెవుల్లో ఉన్నాయి: "నీలం. ఆకు రెమ్మ. ఇంకేం వద్దు, ఆయనే చెప్పాడు."

అక్కడే మెట్ల మీద కూలబడి మెవ్లిదాకి ఫోన్ కొట్టింది.

"మెవ్లిదా, గోరాన్ గారి కాగితం పచ్చగా ఎందుకొచ్చింది?"

"పచ్చగానా? అయ్యో, నేను నీలమే పెట్టానే! ముందు రంగు పెట్టా, తర్వాత పేరు కొట్టా, ప్రింటిచ్చా. నేను వాటి మొహం చూసేలోపే మావాడు తెల్లారకుండానే పట్టుకుపోయి అంటించేశాడు."

"ముందు రంగు పెట్టావా?"

"ముందు రంగే కదమ్మా పెట్టేది! ఎవరైనా తలుపు తోసుకుని ఏడుస్తూ వస్తే ముందు ఏ రంగు అనే కదా అడుగుతాం. పేరు ఎక్కడికి పోతుంది, నిదానంగా కొట్టుకోవచ్చు."

యాసెంకా తల గోడకి ఆనించింది. పేజీలో పేరు పైనుంది, రంగు కిందుంది. పేరు కొట్టాకే రంగు దగ్గరికి వస్తారనుకుని కట్టింది ఆవిడ. అందుకే పేరు పడగానే ఊహ లేచి, మెవ్లిదా అప్పటికే పెట్టిన నీలాన్ని తుడిచేసి పచ్చ వేసేసింది. ఈ దేశంలో చావు కబురు పేరుతో మొదలవదని, రంగుతో మొదలవుతుందని ఇక్కడ పుట్టి పెరిగిన తనకి తట్టలేదు.

"మరి నిన్ను ఆపి అడగలేదా, ఇంటివాళ్ళని అడిగారా అని?"

"నిన్న సాయంత్రం నుంచి అడగడం మానేసింది. మీరే తీసేశారనుకున్నా. పీడా పోయింది, నిజం చెప్పొద్దూ, చచ్చే విసుగు దాంతో."

తర్వాతి ఫోన్ ఎవరికో చెప్పక్కర్లేదు.

"ఫెజా, తల్లి పేజీలో చెయ్యి పెట్టావా?"

ఫెజా నసిగాడు. "అంటే... ఆ పార్టీవాళ్ళు నిన్న కాఫీకి కూచున్నారు. ఆ ప్రశ్న అడ్డమొస్తోంది, తీసెయ్యమన్నారు. ఫోన్లోంచే తీసేశా. ఊహ కూడా ఆన్ చేశా. వాళ్ళకే అనుకున్నా."

"తల్లి పేజీలో నొక్కితే దేశమంతా పడుతుందని నీకు ఎన్నిసార్లు చెప్పానురా నేను! కాళ్ళూ చేతులూ వేసి బొమ్మ గీసి చూపించా కదరా!"

"తప్పే. వెనక్కి తిప్పెయ్, నీకు చిటికెలో పని."

నిజమే, చిటికెలో పని. ఇంట్లోంచి కంప్యూటర్ తెచ్చుకుని, ఆ మెట్ల మీదే ఒళ్ళో పెట్టుకుని నిన్నటికి తిప్పేసింది. ఆ ఊహ ముక్కని మొదలంటా చెరిపేసింది. మిగతా ఊళ్ళన్నిట్లో రాత్రి పడ్డ కాగితాలు తిరగేస్తే, దేవుడి దయ, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పింది ఒక్క గోరాన్ దగ్గరే. కానీ ఊళ్ళో గోడలకీ చెట్లకీ అంటుకుపోయిన కాగితాన్ని వెనక్కి తిప్పే మీట ఏ మబ్బులోనూ లేదు. రెండింటికి పూడుస్తారు. ఆలోగా ఆ పచ్చ కాగితాలన్నీ దిగాలి, లేకపోతే ఆ మనిషి చివరిగా కోరిన ఒక్క కోరికా తన చేతుల మీదుగానే పోయినట్టు.

ముందు అంకిత్సాకి చెప్పాలి. మేడెక్కుతుంటే ఒక్కో మెట్టూ ఒక్కో కొండ.

అంకిత్సా వంటింట్లో కాఫీ పెట్టుకుని తాగకుండా కూచుంది. ఈవిణ్ణి చూడగానే మొహం వెలిగింది, ఆ వెలుగు చూసి యాసెంకాకి భయమేసింది.

"రా అమ్మా. రాసిమ్ వచ్చాడు తెలుసా? పొద్దున్నే, ఇంకా చీకటుండగానే. తలుపు తీస్తే నిలబడున్నాడు!"

రాసిమ్ గోరాన్ తమ్ముడు. పెద్దవాడికి తల్లి జోరా తన క్రైస్తవుల పేరు పెట్టింది, చిన్నవాడికి తండ్రి ఒస్మాన్ తన ముస్లిముల పేరు పెట్టాడు. ఆ ఊళ్ళో అలాంటి ఇళ్ళు బోలెడు. ఇరవయ్యేళ్ళ కిందట ఒస్మాన్ పోయినప్పుడు అందరూ నమాజుకి వరసలో నిలబడితే గోరాన్ గోడవారగా జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "నువ్వు మా నాన్న కొడుకువి కాదు" అన్నాడు రాసిమ్. అంతే, మాటలు ఆగిపోయాయి. ఒకే బస్సు ఎక్కేవాళ్ళు, ఒకడు ముందు తలుపు, ఒకడు వెనక తలుపు.

"నన్ను పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడమ్మా" అంది అంకిత్సా. "'వదినా, మా అన్నని మళ్ళీ మాకిచ్చేశావు, నీ రుణం తీర్చుకోలేను' అన్నాడు. నేనేమిచ్చానో నాకర్థం కాలేదు. దుఃఖంలో ఏదో అంటున్నాడులే అనుకున్నా. పెళ్ళయినప్పటి నుంచీ నన్ను వదినా అని పిలవడం ఇదే మొదలు, తెలుసా!"

"పిన్నీ, నువ్వివాళ కిందికి దిగావా?"

"లేదే. ఏం?"

చెప్పింది. అంచు గురించి, నెలవంక గురించి, ఊహ గురించి, అంతా. చెబుతున్నంతసేపూ అంకిత్సా మొహంలో వెలుగు కొంచెం కొంచెంగా ఆరిపోతుంటే చూడలేక టేబులు గుడ్డ పూలు లెక్కపెట్టినట్టు తల దించుకుంది.

"ఎవరు చేశారిది?"

"ప్రోగ్రాం, పిన్నీ."

"దానికి ఎవరు నేర్పారు?"

"నేనే."

అంకిత్సా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. "అంటే పొద్దున వాడు ఏడ్చింది మీ యంత్రం చేసిన తప్పుకన్నమాట" అంది.

యాసెంకా చల్లారిన కాఫీ తీసి పొయ్యి మీద పెట్టింది.

"వదిలేద్దామా అనిపిస్తోందే" అంది అంకిత్సా, ఇటు తిరక్కుండానే. "ఆయనొచ్చి చూస్తాడా? ఒక్క కాగితం. ఉంచేస్తే రాసిమ్ రేపూ వస్తాడు, ఎల్లుండీ వస్తాడు. నాకెవరున్నారు చెప్పు." మళ్ళీ తనే తల అడ్డంగా ఊపింది. "కానీ నా చెయ్యి పట్టుకుని చెప్పాడే! పేరు మా అమ్మది, ఇంటిపేరు మా నాన్నది, నా మీద ఏ గుర్తు పెట్టినా ఇద్దర్లో ఒకళ్ళని బయటికి తోసినట్టేనే అంకా అన్నాడు. ఇప్పుడు నేను తోసెయ్యనా వాళ్ళమ్మని? వద్దు. తీసెయ్. ఒక్కటి కూడా మిగలకూడదు."

యాసెంకా గుమ్మం దాటుతుంటే వెనక నుంచి పిలిచింది. "ఆగు. కొత్తవాటిలో కింద 'తమ్ముడు రాసిమ్' అని వెయ్యి. నిన్న మెవ్లిదా అడిగితే నేనే వద్దన్నా. వెయ్యి."

మెవ్లిదా దగ్గర నీలం కాగితాలు ప్రింటు తీయించి, అంటించే మనిషికి ఫోన్ చేస్తే పలకడు. పొద్దున్నే పని ముగించుకుని ఎక్కడో గురక పెడుతున్నాడు. ఇక తప్పదని కారు అద్దం మీద మంచు గీకే ప్లాస్టిక్ బద్ద పట్టుకుని వానలో బయల్దేరింది. ఫ్యాక్టరీ గేటు, బజారు, క్లినిక్కు, ముసలాడిలా వంగిపోయిన కరెంటు స్తంభం, ఒక్కోటీ గీకడం, తుడవడం, నీలం అంటించడం. ఆ జిగురు ఏ పాపాత్ముడు కనిపెట్టాడో గానీ గోళ్ళు ఊడొచ్చాయి తప్ప కాగితం ఊడిరాలేదు. బొగ్గు పొగా వానా కలిసి మొహమంతా మసి.

బస్టాపులో ఒక పెద్దావిడ గొంతు చించుకుంది. "సిగ్గు లేదుటే! చచ్చినవాడి కాగితం చింపుతున్నావు! అందులోనూ పచ్చది చింపుతున్నావు!"

"తప్పు పడిందండీ, మారుస్తున్నా."

పక్కనున్న నల్లకోటు ఆయన దగ్గరికొచ్చాడు. "నీ పేరేంటమ్మా?" మర్యాదగానే అడిగాడు.

"యాసెంకా."

ఆ పేరుతో ఏమీ తేలదు, అందరూ పెట్టుకుంటారు. ఆయన కనుబొమలు దగ్గరికొచ్చాయి. "ఇంటిపేరు?"

పొద్దున్నుంచీ బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా కట్టతెంచుకుంది. "ఎందుకండీ మీకు? ఏ రంగు వెయ్యాలో చూసుకోడానికా? ఇప్పుడే ఒక యంత్రాన్ని చెరిపేసి వచ్చా, మళ్ళీ మీరు తగిలారా నా ప్రాణానికి! ఈయన భార్య చెప్పింది, నీలం వెయ్యమని. ఆవిడ మాట చాలదూ? జరగండి అటు!" ఆయన నిజంగానే జరిగాడు. పెద్దావిడ గొణుక్కుంటూ బస్సెక్కింది.

అప్పుడే ఫెజా ఫోన్. "శుభవార్తే! పార్టీవాళ్ళు సంతకం పెట్టేస్తామన్నారు. పేరు కొడితే రంగు పడటం చూసి మురిసిపోయారు. ఇంతకీ మెవ్లిదా చెప్పింది, ఆ తమ్ముడెవరో వచ్చి సంతోషంతో ఏడ్చాడటగా? అంటే ఊహ కరెక్టనేగా?"

యాసెంకా ఫోన్ చెవి నుంచి తీసి ఒకసారి దాన్ని చూసి, మళ్ళీ పెట్టుకుంది. "ఊహ ఇప్పుడు లేదు. చెరిపేశా. మళ్ళీ కావాలంటే ఆ మబ్బుల్లోకి నువ్వే నిచ్చెనేసుకుని ఎక్కు. నేను రాయను."

"మరి సంతకం?"

"పెట్టించుకో, మానుకో. నాకు జిగురు గీకే పనుంది" అని పెట్టేసింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు. ఇన్నేళ్ళు కట్టినదాన్ని ఫెజా ఇంకొకడి చేత రాయించుకుని మళ్ళీ అదే తప్పు మీద నడిపించుకోవచ్చు, ఆపే దిక్కులేదు. అది తల్చుకుంటే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే గీకింది.

చివరిది రొట్టెల కొట్టు అద్దం మీద మిగిలింది. అది రాసిమ్ వాళ్ళ సందు మొదట్లో ఉంది. అప్పటికి పన్నెండున్నర దాటింది. కొట్టు చూరు కింద రాసిమ్ నిలబడున్నాడు. మంచి కోటు వేసుకున్నాడు, గడ్డం నున్నగా గీసుకున్నాడు. ఈవిడ చంకలో నీలం కాగితాలు చూశాడు, చేతిలో బద్ద చూశాడు. ఒక్కడుగు పక్కకి వేసి అద్దం మీది కాగితాన్ని అరచేత్తో మూసేశాడు.

"ఇది వదిలెయ్."

"బాబాయ్, తప్పు పడింది. మా ప్రోగ్రాం తప్పు. తీసెయ్యమని పిన్నే చెప్పింది."

"పొద్దున నేను ఆవిడ్ని పట్టుకుని ఏడిస్తే ఏం అనలేదే!"

"అప్పటికి పిన్నికి తెలీదు. కాగితం చూళ్ళేదు."

రాసిమ్ మొహంలో రక్తం లేదు. "మరి ఎవరు వేశారు పచ్చది?"

"ఎవరూ వెయ్యలేదు. అది మీ నాన్నగారి పేరు చూసి వేసేసింది."

"మంచి పని చేసింది. మా నాన్న కొడుకే కదా వాడు" అన్నాడు. చెయ్యి తియ్యలేదు. "గీకాలంటే నా చెయ్యి గీకు ముందు."

యాసెంకాకి ఓపిక అయిపోయింది. వాదించే శక్తి లేదు, బతిమాలే శక్తీ లేదు. నీలం కాగితం ఒకటి తీసి ఆయన మొహం ముందు పెట్టింది. "చదవండి. కింది దాకా చదవండి."

ఆయన కళ్ళజోడు కోసం జేబులన్నీ తడుముకున్నాడు. పెట్టుకుని పెదాలు కదుపుతూ చదివాడు. అన్న పేరు, తండ్రి పేరు, రెండింటికి అని, భార్య అంకిత్సా అని. ఆ తర్వాత పెదాలు ఆగిపోయాయి. ఆ లైను మీద వేలు పెట్టి మళ్ళీ మొదట్నుంచి చదివాడు. అద్దం మీది చెయ్యి దానంతటదే కిందికి జారింది.

"ఇది వదినే వెయ్యమందా?"

"తనే."

"ఇరవయ్యేళ్ళు ఒకే బస్సమ్మా" అన్నాడు. "ఏరా అంటే పలికేవాడు. నేను అనలేదు, వాడూ అనలేదు. ఈ 'తమ్ముడు రాసిమ్' అన్న రెండు మాటలు వాడి పేరున్న కాగితం మీద పడాలంటే వాడు చావాలా?"

యాసెంకా ఆ నీలం కాగితం ఆయన చేతిలోనే వదిలేసి, బద్ద కోటుకి తుడుచుకుంది.

రాసిమ్ పక్కకి తప్పుకుని కళ్ళజోడు తీసి కోటుకి తుడుచుకున్నాడు. "గీకు, గీకు, తొందరగా కానియ్" అన్నాడు. "తమ్ముణ్ణని అచ్చేశారుగా. ఆలస్యంగా వెళితే ఏం బావుంటుంది?" అంటూ గోడకి ఆనుకుని భోరుమన్నాడు.